1306 పేర్ల పక్కన ఒక సమాధి: లఫాయెట్ అడుగుజాడల్లో ఏడు రోజులు

కడప కళాశాలలో నేను చరిత్ర చెప్పిన ముప్పై ఏళ్ళలో లఫాయెట్‌కు దక్కినవి రెండు వాక్యాలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి ప్రభువు, ఫ్రెంచి విప్లవంలో జాతీయ రక్షక దళానికి సేనాని. అంతటితో పాఠం రోబెస్పియర్ మీదికి, ఆ తరువాత నెపోలియన్ మీదికి వెళ్ళిపోయేది. కానీ నాకు ఆయన మీద ఒక ప్రత్యేకమైన మమకారం ఉండేది. దానికి కారణం మా జిల్లాయే.

1781లో వర్జీనియాలో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌ను నెలల తరబడి వెంటాడి, యార్క్‌టౌన్ దగ్గర కదలకుండా కట్టడి చేసినవాడు లఫాయెట్. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. అక్టోబరు 19న బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. అక్కడ ఓడిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1792 మార్చిలో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తాను మెడలు వంచి సంధి రాయించుకున్నాడు. ఆ సంధితోనే కడప, గండికోట నిజాముకు వెళ్ళాయి. 1800లో నిజాము వాటిని కంపెనీకి అప్పగించాడు. మా ప్రాంతం దత్తమండలం అయిన కథ అదే. పెన్న ఒడ్డున నిలబడి యార్క్‌టౌన్ గురించి ఆలోచించేవాడు ఇంకొకడు ఉన్నాడో లేడో కానీ, నేను మాత్రం చాలాసార్లు ఆలోచించాను.

అమ్మాయి పారిస్‌లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రమ్మని పిలుస్తోంది. ఈ సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా బయలుదేరాం.

మొదటి రోజు: బాస్టిల్

"నాన్నా, ఇక్కడ లఫాయెట్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది బట్టల దుకాణమే" అంది అమ్మాయి. ఆ పెద్ద దుకాణానికి పేరు వచ్చింది అది ఉన్న వీధి వల్ల. వీధికి పేరు వచ్చింది ఆయన వల్ల.

మేము ముందుగా బాస్టిల్ కూడలికి వెళ్ళాం. జైలుగా వాడిన ఆ పాత కోట ఇప్పుడు లేదు. ఎక్కడ బురుజు ఉండేదో, ఎక్కడ గోడ ఉండేదో నేల మీద రాళ్ళు పరిచి గీత గీసినట్టు గుర్తు పెట్టారు. అయిదో నంబరు మెట్రో గట్టు మీద పునాది రాళ్ళు కొన్ని కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఎత్తైన స్తంభం 1789 జ్ఞాపకం అనుకుంటారు చాలామంది. అది 1830 జులై విప్లవంలో ప్రాణాలిచ్చినవారి కోసం నిలబెట్టినది. రెండు విప్లవాలకూ మధ్య నలభై ఒక్క ఏళ్ళు. రెండింటిలోనూ జాతీయ రక్షక దళాన్ని నడిపినవాడు ఒక్కడే. మొదటిసారి ముప్పై ఒక్క ఏళ్ళ యువకుడు, రెండోసారి డెబ్బై రెండేళ్ళ వృద్ధుడు.

జైలు కూలిన మర్నాడు, 1789 జులై 15న, పారిస్ పౌరసేన, అంటే జాతీయ రక్షక దళం, ఆయన చేతికి వచ్చింది. పారిస్ నగరపు రంగులైన ఎరుపు, నీలం మధ్యన రాజు తెలుపు చేర్చి సైనికుల టోపీలకు పెట్టించాడు. ఇవాళ ఫ్రాన్సు జెండాగా మనం చూస్తున్న మూడు రంగులు అవే. బాస్టిల్ తాళంచెవిని ఒకదాన్ని 1790లో వాషింగ్టన్‌కు కానుకగా పంపాడు. కొడుకు తండ్రికి, సహాయక అధికారి సేనానికి సమర్పించినట్టుగా ఉత్తరం రాశాడు. రెండేళ్ళు నిండకముందే తండ్రిని యుద్ధంలో పోగొట్టుకున్న పిల్లవాడు ఆయన. ఆ తాళంచెవి ఈనాటికీ వర్జీనియాలో వాషింగ్టన్ ఇంటి గోడకు ఉంది.

రెండో రోజు: వర్సాయ్

రాజప్రాసాదం చూడడానికి వచ్చిన జనం మధ్య మేము ఒక్క బాల్కనీ కోసం వెతుక్కున్నాం. పాలరాతి ముంగిలి అని పిలిచే చిన్న చౌకంలో, తలెత్తి చూస్తే, మధ్య గదికి ముందు బంగారు పూత కమ్ములతో ఉంది అది.

1789 అక్టోబరు 5న రొట్టెల కోసం పారిస్ ఆడవాళ్ళు వానలో ఇరవై కిలోమీటర్లు నడిచి ఇక్కడికి వచ్చారు. వాళ్ళ వెనకాల లఫాయెట్ సేన కూడా బయలుదేరింది. నిజానికి ఆయనకు రావడం ఇష్టం లేదు. సైనికులే పట్టుబట్టి తీసుకొచ్చారు. అర్ధరాత్రి వేళకు చేరుకుని, కాపలాలు పెట్టి, తెల్లవారుజామున కాసేపు నడుం వాల్చాడు. ఆ కాసేపట్లోనే గుంపు లోపలికి చొచ్చుకువచ్చి అంగరక్షకులను చంపింది. రాణి ప్రాణం వెంట్రుకవాసిలో దక్కింది. ఆ నిద్రను రాజపక్షం వాళ్ళు జీవితాంతం దెప్పిపొడిచారు.

కానీ నాకు కనిపించేది తరువాతి ఘట్టం. కింద వేలమంది. రాణి ఒక్కతే బయటికి రావాలని అరుస్తున్నారు. ఆ కేకల్లో ఏం మాట్లాడినా వినపడదు. లఫాయెట్ ఆమెతో పాటు వచ్చి, వంగి, ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. అరుపులు ఆగాయి. "రాణికి జయం" అన్నారు. తరువాత ఆయన రాజు అంగరక్షకుల్లో ఒకడిని పిలిచి, తన మూడు రంగుల గుర్తు అతనికి పెట్టాడు. ఒక్క మాట లేకుండా రెండు పక్షాలనూ ఒక చోట నిలబెట్టిన ఆ రెండు పనులనూ తరగతిలో చెప్పనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఆ రోజే రాజకుటుంబం పారిస్‌కు తరలింది. మళ్ళీ వర్సాయ్ మొహం చూడలేదు.

ప్రాసాదం నుంచి పది నిమిషాలు నడిస్తే మెన్యూ ప్లెజీర్ అనే పాత భవన సముదాయం వస్తుంది. ఎస్టేట్స్ జనరల్, అంటే మూడు వర్గాల ప్రతినిధుల సభ, సమావేశమైన చోటు ఇదే. ఆనాటి సభామందిరం ఇప్పుడు లేదు. సంగీత సంస్థ ఒకటి ఇక్కడ పనిచేస్తోంది. లోపలి నుంచి ఎవరో సాధన చేస్తున్న పాట వినిపించింది. మానవ హక్కుల ప్రకటన ముసాయిదాను 1789 జులై 11న లఫాయెట్ సభ ముందు పెట్టింది ఇక్కడే. దాన్ని రాస్తున్నప్పుడు అప్పటి అమెరికా రాయబారి జెఫర్సన్‌కు చూపించి సలహాలు తీసుకున్నాడు. ఆగస్టు 26న సభ ఆమోదించిన ప్రకటనలో ఆ ముసాయిదా ఛాయలు ఉన్నాయి. మనుషులు స్వేచ్ఛగా, సమాన హక్కులతో పుడతారన్న మాటను, వారసత్వంగా ఏటా లక్షకు పైగా లీవ్రుల (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఆదాయం దక్కిన మార్క్విస్ ముందుకు తెచ్చాడు. మేము ఆ గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాం.

మూడో రోజు: షాన్ ద మార్స్

ఈఫిల్ టవరు కింద పచ్చిక మైదానం. పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. అమ్మాయి ఫొటోలు తీస్తోంది. నా మనసు మాత్రం రెండు జులైల మధ్య ఊగిసలాడింది.

మొదటిది 1790 జులై 14. బాస్టిల్ కూలి ఏడాది. ఈ నేలను చదును చేయడానికి పారిస్ జనం, ప్రభువులు, పాకీలు, సన్యాసినులు అందరూ తట్టలూ పలుగులూ పట్టారు. ఆ రోజు వాన పడినా లక్షల మంది తడుస్తూ నిలబడ్డారు. బిషప్ తాలేరాన్ పూజ నిర్వహించాడు. దేశంలోని రక్షక దళాలన్నిటి తరఫునా లఫాయెట్ వేదిక ఎక్కి, జాతికి, చట్టానికి, రాజుకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేశాడు. ఆ రోజున ఆయన చెయ్యి చాపితే అధికారం చేతికి వచ్చేది. చాపలేదు. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి గొప్ప పని ఆ రోజు ఆయన చేయకుండా వదిలేసినదే.

రెండోది 1791 జులై 17. జూన్‌లో రాజు దొంగచాటుగా పారిపోతూ వరెన్‌లో పట్టుబడ్డాడు. రాజుకు కాపలా లఫాయెట్‌దే కాబట్టి నింద ఆయన మీద పడింది. రాజు మనకు వద్దు అంటూ ఇదే మైదానంలో జనం సంతకాలు చేస్తున్నారు. పొద్దున బలిపీఠం కింద దాక్కున్న ఇద్దరిని గుంపు చంపేసింది. సాయంత్రానికి నగర మేయరు బాయీ, లఫాయెట్ ఎర్ర జెండాతో వచ్చారు. ఎర్ర జెండా అంటే అప్పుడు సైనిక శాసనం అమల్లో ఉందని అర్థం. రాళ్ళు పడ్డాయి. తుపాకులు పేలాయి. పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

ఆయనను ఎంత ఇష్టపడినా ఈ రోజును మాత్రం నేను క్షమించలేను. సంతకం చేయడానికి వచ్చినవాళ్ళు ఆయుధాలు పట్టుకుని రాలేదు. హక్కుల ప్రకటన ముసాయిదా రాసిన చెయ్యి అది. చట్టం, శాంతి అన్న రెండు మాటలను ఆయన నిజంగా నమ్మాడు. ఆ నమ్మకం మూల్యం ఆ సాయంత్రం ఆయన చెల్లించలేదు, ఈ మైదానంలో పడిపోయినవాళ్ళు చెల్లించారు. రెండేళ్ళ తరువాత ఇదే కాల్పులకు బాధ్యుడిని చేసి బాయీని తల నరికే యంత్రం గిలటిన్‌కు పంపారు.

సాయంత్రం సేన్ నది పక్కన కూర్ లా రేన్ మీద ఉన్న లఫాయెట్ గుర్రపు విగ్రహం చూశాం. అమెరికా బడిపిల్లలు పోగుచేసిన చందాలతో చేసినది. శిల్పి బార్ట్‌లెట్ గుర్రం కాలి దగ్గర చిన్న తాబేలును చెక్కాడు. పని పూర్తి కావడానికి పట్టిన ఏళ్ళకు గుర్తట. మా ఆవిడ దాన్ని వెతికి పట్టుకుని నాకు చూపించింది.

నాలుగో రోజు: దక్షిణానికి రైలు

బెర్సీ స్టేషన్‌లో ఎక్కి క్లెర్మోన్ ఫెరాన్‌లో దిగాం. మూడున్నర గంటలు. అక్కడి నుంచి చిన్న రైలు కొండల మధ్యగా బ్రియూద్ మీదుగా ల పుయి అనే ఊరికి. ఓవెర్ఞ్ అంటే చల్లారిన అగ్నిపర్వతాల సీమ. ఇళ్ళు, గుళ్ళు, ప్రహరీలు అన్నీ నల్లరాతివే. ల పుయి మధ్యలో నిట్టనిలువుగా లేచిన రాతి శిఖరం మీద ఒక చిన్న చర్చి ఉంది. 268 మెట్లు. నేను ఎక్కాను, ఆవిడ కింద కూర్చుంది.

రాత్రి భోజనంలో ఈ ఊరికి పేరు తెచ్చిన ఆకుపచ్చ మసూరు పప్పు పెట్టారు. నేల నల్లది, బూడిద కలిసినది, అందుకే ఆ రుచి అని వడ్డించినాయన చెప్పాడు. "ఇంత ఇంగువ తిరగమోత పడితే మన పప్పే" అంది ఆవిడ, ఇష్టంగా తింటూనే.

అయిదో రోజు: శావానియాక్

గంటలోపు కారు ప్రయాణం. కొన్ని వందల గడప కూడా లేని పల్లె, పైన రెండు గుండ్రటి బురుజుల భవనం. 1701లో కాలిపోతే తిరిగి కట్టారు. 1757 సెప్టెంబరు 6న లఫాయెట్ పుట్టిన గది అందులో ఉంది. యుద్ధంలో కాపాడగల సాధువులందరి పేర్లూ తనకు పెట్టారని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు: మరీ జోసెఫ్ పాల్ ఈవ్ రోష్ గిల్బెర్ట్. మా ఊళ్ళో తాత పేరు, ముత్తాత పేరు, కులదైవం పేరు కలిపి పెట్టే వరసే అది.

1759లో తండ్రి మిండెన్ యుద్ధంలో చనిపోయాడు. పిల్లవాడు నాయనమ్మ దగ్గర, మేనత్తల దగ్గర పెరిగాడు. ఆయనకు ఎనిమిదేళ్ళప్పుడు ఈ కొండల్లో జెవోదాన్ మృగం అనే తోడేలు లాంటి జంతువు మనుషులను పొట్టనబెట్టుకుంటోంది. అది తనకు ఎదురుపడాలని కోరుకుంటూ అడవిలో తిరిగేవాడట. కిటికీలోంచి చూస్తే ఆ అడవులు ఇప్పటికీ నల్లగా, దట్టంగా కనిపిస్తాయి.

పన్నెండేళ్ళకు తల్లి పోయింది. పదహారేళ్ళకు పెళ్ళి. పెళ్ళికూతురు ఆద్రియేన్‌కు పద్నాలుగు. ఆమె పుట్టిన నోయాయ్ వంశం అంటే రాజు పక్కన కూర్చునే వంశం. పంతొమ్మిదేళ్ళ వయసులో, గర్భవతి అయిన భార్యకు కూడా చెప్పకుండా, రాజు వద్దన్నా వినకుండా, సొంత డబ్బుతో 'విక్టరీ' అనే అర్థం వచ్చే పేరున్న ఓడ కొని, 1777 ఏప్రిల్ 20న స్పెయిన్ రేవు నుంచి అమెరికాకు బయలుదేరాడు. సెప్టెంబరులో బ్రాండీవైన్ యుద్ధంలో కాలికి గుండు తగిలింది. ఇదంతా గోడల మీద బొమ్మల్లో ఉంది. నేను ఒక్కొక్కటీ చదివి ఆవిడకు తెలుగులో చెబుతున్నాను.

ఆవిడ మధ్యలో ఆపింది. "ఏమండీ, ఆయన పుట్టిన గది చూపించారు, ఆయన కత్తి చూపించారు. సైనికులు ఆద్రియేన్ కోసం వచ్చినప్పుడు ఆమె ఎక్కడ నిలబడి ఉంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ప్రశ్నతో నా ప్రయాణం దారి మారింది.

1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియాతో యుద్ధం మొదలైంది. సరిహద్దులో సేనాని లఫాయెట్. ఆగస్టు 10న రాజరికం కూలింది. తీవ్ర విప్లవకారులైన జాకోబిన్లను ఎదిరించమని ఆయన సైన్యాన్ని అడిగాడు, సైన్యం కదల్లేదు. ఆగస్టు 19న ద్రోహిగా ముద్రపడి, సరిహద్దు దాటాడు. ఆస్ట్రియా వాళ్ళు పట్టుకున్నారు. ఫ్రాన్సులో దేశద్రోహి, ఆస్ట్రియాలో విప్లవకారుడు. అయిదేళ్ళు జైళ్ళలో మగ్గాడు: వేజెల్, మాగ్దెబర్గ్, నైసె, చివరికి ఓల్ముట్జ్.

ఆద్రియేన్ ఈ ఇంట్లోనే ఉంది. దేశం విడిచిపోయిన ప్రభువుల భార్యలు చాలామంది ప్రాణం కోసం, ఆస్తి కోసం విడాకుల కాగితం రాసిచ్చారు. ఆమె మాత్రం అధికారులకు రాసిన ప్రతి ఉత్తరం కింద "లఫాయెట్ భార్య" అని సంతకం పెట్టింది. 1793 నవంబరులో తీసుకెళ్ళి బ్రియూద్‌లో ఖైదు చేశారు. మేము నిన్న రైలులో దాటివచ్చిన ఊరే. తరువాత పారిస్. 1794 జులై 22న ఆమె నాయనమ్మను, తల్లిని, అక్కను ఒకే రోజు గిలటిన్ ఎక్కించారు. అయిదు రోజుల తరువాత ఆ మారణకాండ నడిపిన రోబెస్పియర్ అధికారం కోల్పోయాడు. అయిదు రోజులు!

ఆమె మాత్రం బతికింది. అమెరికా రాయబారి మన్రో, ఆయన భార్య ప్రయత్నం వల్ల 1795 జనవరిలో విడుదల అయింది. ఎవరైనా ఏం చేస్తారు? ఎక్కడో ప్రశాంతంగా తలదాచుకుంటారు. ఆమె కొడుకును వాషింగ్టన్ దగ్గరికి పంపేసి, ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకుని వియన్నా వెళ్ళి చక్రవర్తిని కలిసింది. భర్తతో పాటు జైల్లో ఉండనివ్వమని అడిగింది. ఆ అక్టోబరులో ఓల్ముట్జ్ జైలు తలుపు తెరుచుకుని, ముందస్తు కబురు లేకుండా, భార్యా బిడ్డలు ఆయన ఎదుట నిలబడ్డారు. అక్కడ ఆమె ఒళ్ళు వాచి, పుండ్లు పడి మంచం పట్టింది. వైద్యానికి బయటికి వెళ్ళవచ్చు, కానీ మళ్ళీ లోపలికి రానివ్వం అన్నారు. వెళ్ళనంది. 1797 సెప్టెంబరు 19న నలుగురూ కలిసే బయటికి వచ్చారు.

భవనం ముంగిట గులాబీ పొదల దగ్గర ఆవిడ కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆరో రోజు: తిరుగు ప్రయాణం

రైలులోనే రోజు గడిచింది. 1780లో ఆయనను బోస్టన్ చేర్చిన ఎర్మియోన్ ఓడకు నమూనాను రోషఫోర్ రేవులో ఏళ్ళ తరబడి కట్టి, 2015లో అమెరికా దాకా నడిపారు. 2021లో అది బయోన్ వైపు మరమ్మతులకు వెళ్ళింది కాబట్టి మేము రోషఫోర్ ఆలోచన మానుకున్నాం. ఆయన చివరి ముప్పై ఏళ్ళు గడిపిన లా గ్రాంజ్ భవనం కూడా సందర్శకులకు తెరిచి ఉంచేది కాదు. అది ఆద్రియేన్‌కు తల్లి వైపు నుంచి వచ్చిన ఆస్తి. అక్కడే గొర్రెలు పెంచుకుంటూ, పొలం చేసుకుంటూ, నెపోలియన్ ఇవ్వజూపిన పదవులు కాదంటూ ఉండేవాడు.

ఏడో రోజు: పిక్‌పుస్

మధ్యాహ్నం రెండింటికి గేటు తీశారు. నాసియోన్ కూడలి నుంచి నడిచి వచ్చాం. 1794 వేసవిలో ఆరు వారాల పాటు గిలటిన్ ఆ కూడలి పక్కనే ఉండేది. జూన్ 14 నుంచి జులై 27 వరకు 1306 తలలు తెగాయి. రాత్రివేళ బండ్ల మీద మొండేలను తెచ్చి, ఈ మఠపు తోట చివర తవ్విన రెండు గోతుల్లో పడేశారు.

లోపల చిన్న ప్రార్థనా మందిరం. రెండు పక్కలా పాలరాతి ఫలకాలు. 1306 పేర్లు, వాటి పక్కన వయసు, వృత్తి. ప్రభువులనే చంపారు అనుకుంటాం. సగానికి పైగా సామాన్యులే. కవి షెనియే ఇక్కడే ఉన్నాడు. రాజు పారిపోయిన నాడు సభాధ్యక్షుడిగా ఉండి, తరువాత రైన్ సేనకు సేనాని అయిన అలెగ్జాండర్ బోఆర్నే కూడా ఇక్కడే. లఫాయెట్ లాగానే ప్రభువు, రాజకీయ నాయకుడు, సైనికుడు. మైన్స్ కోటను కాపాడలేకపోయాడన్న నేరం మోపి ముప్పై నాలుగేళ్ళకే చంపారు. ఆయన భార్య జోసెఫిన్ తరువాత నెపోలియన్‌ను పెళ్ళాడింది. సరిహద్దు దాటకపోతే లఫాయెట్ పేరు కూడా ఏదో ఒక జాబితాలో చేరేదే.

తన వాళ్ళను ఎక్కడ పాతిపెట్టారో ఆద్రియేన్‌కు మొదట తెలియదు. తండ్రినీ, సోదరుణ్ణీ పోగొట్టుకున్న ఒక పేద కుట్టుపని అమ్మాయి, శవాల బండి వెంట నడిచి వెళ్ళి ఈ చోటు గుర్తుపెట్టుకుందని చెబుతారు. ఆద్రియేన్, ఆమె చెల్లెలు చందాలు పోగుచేసి ఈ నేల కొన్నారు. ప్రభువుల కుటుంబాలకూ, కుట్టుపని చేసేవాళ్ళ కుటుంబాలకూ అది ఒకే శ్మశానం అయింది.

తోట దాటితే సమాధులు. చివరి మూలన, గోతులున్న ఆవరణకు ఆనుకుని, ఒక రాతి పలక. పక్కన అమెరికా జెండా. ఏటా జులై 4న దాన్ని మారుస్తారు. 1917లో అదే తేదీన అమెరికా సైనికాధికారి స్టాంటన్ ఇక్కడ నిలబడి, "లఫాయెట్, మేము వచ్చాం" అన్నాడు. 1834 మే 20న లఫాయెట్ చనిపోయినప్పుడు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధభూమి బంకర్ హిల్ నుంచి తెచ్చుకున్న మట్టిని ఆయన మీద చల్లారు.

నేను అటు చూస్తున్నాను, ఆవిడ ఇటు. పలక మీద రెండు పేర్లున్నాయి. ఆద్రియేన్ 1807 డిసెంబరు 24న పోయింది. జైలు జబ్బు ఆమెను ఎప్పటికీ వదలలేదు. చివరి మాట భర్తతోనే: "నేను పూర్తిగా నీదాన్ని." ఆమెను తల్లి, అక్క ఉన్న గోతుల పక్కన పెట్టారు. ఇరవై ఆరేళ్ళ తరువాత ఆయన వచ్చి ఆమె పక్కన చేరాడు. రెండు దేశాలు గొప్ప స్మారకాలు కట్టడానికి సిద్ధంగా ఉన్నా, ఆయన చోటు ఇదే.

కమ్మీల తలుపు అవతల గోతులున్న చోట గులకరాళ్ళు, కొంచెం గడ్డి. ఆవిడ ఆ కమ్మీలకు చెయ్యి ఆనించి నిలబడింది. నేను జెండా కర్ర కింద రాలిన ఎండుటాకులు రెండు తీసి పక్కకు పెట్టాను. తోటమాలి వచ్చి, గేటు మూసే వేళ అయిందని మెల్లగా చెప్పాడు.